మేకు రావాలి, చెక్క మిగలాలి: సుత్తి ఎంపిక, మేకులు పీకే పద్ధతి

మేకు కొట్టడం చాలామందికి వచ్చు. పీకేటప్పుడే చెక్క పాడవుతుంది. పాత బల్లల మీద, తలుపు చట్రాల మీద చంద్రవంకల్లాంటి నొక్కులు కనిపిస్తే, అక్కడ ఎవరో సుత్తితో మేకు పీకారని చూడగానే చెప్పవచ్చు. నేను పీకిన మొదటి మేకు కూడా అలాంటి గుర్తే వదిలింది. మెత్తని చెక్క, సన్నని మేకు. ఒక్క గుంజుకే మేకు చేతికి వచ్చింది, పక్కన బొటనవేలంత గుంట మిగిలింది. బలం సరిపోయిందన్న సంతోషం ఆ గుంటను చూడగానే పోయింది.

ఆ పనిలో చెక్కను కాపాడేది సుత్తి ఆనే చోటు. సుత్తి దేనిమీద ఆనుతోంది, మేకుకు ఎంత దగ్గరగా ఆనుతోంది, అక్కడ చెక్కకు రక్షణ ఉందా లేదా అన్నదాన్ని బట్టే పని శుభ్రంగా అవుతుంది. సుత్తి కొనేటప్పుడు కూడా నేను మొదట చూసేది ఇదే.

మేకు ఎందుకు అంత గట్టిగా పట్టుకుంటుంది?

మేకు దిగేటప్పుడు చెక్కలోని పోగులు పక్కకు జరిగి, కిందికి వంగి, మేకు కాడను రెండు వైపులా నొక్కి పట్టుకుంటాయి. ఆ ఒత్తిడి వల్ల పుట్టే రాపిడే మేకు పట్టు. పోగులకు అడ్డంగా దిగిన మేకుకు పట్టు ఎక్కువ. పలక కొసలో, పోగుల వెంట దిగిన మేకుకు పట్టు తక్కువ. మేకు పొడవు, లావు పెరిగితే పట్టు పెరుగుతుంది. తుప్పు పడితే కాడ గరుకెక్కి ఇంకా బిగుస్తుంది.

పీకేటప్పుడు అన్నిటికన్నా కష్టమైనది మొదటి కదలిక. కిర్రుమని చప్పుడు వచ్చిందంటే ఆ కట్టు తెగినట్టే. అక్కడి నుంచి బలం తగ్గించుకుంటూ పోవాలి. చాలామంది అదే ఊపుతో లాగేసి చెక్కను చీల్చేస్తారు.

సుత్తి ఎంచుకోవడం

ఇంటి పనికి ఒక్క సుత్తే కొనాలంటే వెనకవైపు రెండు కొమ్ములున్నది, క్లా హ్యామర్ అని పిలిచేది, తీసుకోండి. ఒకవైపు చదునుగా, మరోవైపు గుండ్రటి బొడిపెతో ఉండే బాల్ పీన్ సుత్తి లోహం పనికి సంబంధించినది. దానితో మేకు కొట్టవచ్చు గానీ పీకలేరు. కొయ్య సుత్తి ఉలిని కొట్టడానికి, రబ్బరు సుత్తి అమరికలను తట్టి కూర్చోబెట్టడానికి. సమ్మెటకు ఇక్కడ పనే లేదు.

కొమ్ముల వంపు. క్లా హ్యామర్లలో రెండు రకాలున్నాయి. ఒకదానిలో కొమ్ములు బాగా కిందికి వంగి ఉంటాయి. రెండోదానిలో దాదాపు నిటారుగా సాగి ఉంటాయి. నిటారు కొమ్ములు రెండు పలకల మధ్య దూర్చి విడదీయడానికి, పాత కట్టడాన్ని ఊడదీయడానికి బాగుంటాయి. మేకులు పీకడమే ముఖ్యమైతే వంపు కొమ్ములే మేలు. ఆ వంపు అందం కోసం పెట్టినది కాదు. మేకును పట్టిన మొదటి క్షణంలో సుత్తి ఆనే చోటు మేకుకు చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి బలం బాగా హెచ్చుతుంది. పిడిని వెనక్కి లాగే కొద్దీ సుత్తి తల దొర్లుతూ, ఆనే చోటు మేకుకు దూరమవుతుంది. అంటే పట్టు ఎక్కువగా ఉన్నప్పుడు ఎక్కువ బలం, మేకు వదులయ్యాక తక్కువ బలం, ఎక్కువ కదలిక. ఈ ఏర్పాటును అర్థం చేసుకున్నాక సుత్తిని చూసే చూపే మారుతుంది.

కొమ్ముల అంచులు. కొనేవాళ్లు సాధారణంగా దీన్ని గమనించరు, నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యం. రెండు కొమ్ముల మధ్య సందు లోపలికి పోయే కొద్దీ సన్నబడాలి. లోపలి అంచులు పదునుగా, ఏటవాలుగా చెక్కి ఉండాలి. అలా ఉంటే తల లేని మేకు కాడను కూడా కరుచుకుంటుంది. అంచులు మొద్దుగా ఉన్న సుత్తి మేకు తలను మాత్రమే పట్టగలదు. తల తెగిందంటే ఇక చేతులెత్తేస్తుంది. కొనేచోట ఒక సన్నని మేకును సందులోకి జరిపి చూడండి. ఎక్కడో ఒకచోట బిగుసుకుని నిలవాలి. కొమ్ముల కొసలు పలుచగా ఉన్నాయో లేదో కూడా చూడండి, ఎందుకంటే మేకు తల కిందికి దూరవలసినవి అవే.

బరువు. సుత్తి బరువు అంటే తల బరువే, పిడిని కలపరు. ఇంటి పనులకు 450 గ్రాముల తల చక్కగా సరిపోతుంది. చట్రాలు, దూలాలు బిగించేవారు 560 నుంచి 620 గ్రాముల దాకా వాడతారు. చిన్న చీలలకు, పటాల చట్రాలకు 200 గ్రాముల లోపు చిన్న సుత్తి చాలు. గోరుతో పోయేదానికి గొడ్డలి ఎందుకన్నట్టు, బరువైన సుత్తి ఎప్పుడూ మంచిదనుకోకండి. దెబ్బ శక్తి బరువుతో పాటు పెరుగుతుంది, కానీ వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. మీ చెయ్యి తేలికగా, వేగంగా, గురి తప్పకుండా ఊపగల బరువే మీకు సరైనది. మోచెయ్యి చాచి పిడి చివర పట్టుకుని ఒక నిమిషం నిలబెట్టండి. మణికట్టు వణికితే ఇంకొంచెం తేలికది తీసుకోండి. టైటానియం తలలు వచ్చిన కారణం కూడా ఇదే. ఉక్కు ఘనసెంటీమీటరుకు దాదాపు 7.8 గ్రాములు తూగితే టైటానియం 4.5 గ్రాములే తూగుతుంది. రోజంతా సుత్తి పట్టే వృత్తి పనివారికి అది అర్థవంతమైన ఖర్చు. మిగతావారికి అవసరం లేదు.

ముఖం. మేకును కొట్టే ముఖం నున్నగా, అతి కొద్దిగా ఉబ్బుగా ఉండాలి. గళ్లు కోసిన గరుకు ముఖం మేకు మీద జారదు గానీ, ఒక్క దెబ్బ తప్పితే చెక్క మీద గళ్ల అచ్చు పడుతుంది. పైకి కనిపించే పనికి దాన్ని వాడవద్దు.

తల తయారీ. కొలిమిలో కాచి అచ్చులో సాగగొట్టిన ఉక్కు తలనే కొనండి. పోత ఇనుముతో చేసిన చవక తలలు పెళుసు. మేకు పీకుతున్నప్పుడు కొమ్ము విరిగితే ఆ ముక్క ఎటు ఎగురుతుందో తెలియదు. మీద పడిన ముద్ర, రంగు చూసి మోసపోవద్దు. పోత గింజల్లాంటి గరుకుతనం, అతుకు గీత కనిపిస్తే పక్కన పెట్టేయండి.

పిడి. కర్ర పిడి చేతికి హాయిగా ఉంటుంది, అదురును తాగేస్తుంది, విరిగితే మార్చుకోవచ్చు. అయితే మొండి మేకుల మీద గట్టిగా గుంజితే మెడ దగ్గర విరగవచ్చు. ఉక్కు పిడి, తల ఒకే ముక్కగా ఉన్న సుత్తి పీకడానికి అన్నిటికన్నా నమ్మకమైనది. కానీ దానితో ఎక్కువసేపు కొడితే చెయ్యి నొప్పి పెడుతుంది. ఫైబర్‌గ్లాస్ పిడి ఈ రెండింటికీ మధ్యది. పాత చెక్క ఊడదీసే పనే ఎక్కువైతే ఉక్కు పిడి కొనమంటాను. కొట్టడమే ఎక్కువైతే కర్ర పిడి. కర్ర పిడిలో నార పిడి పొడవునా తిన్నగా సాగాలి. అడ్డంగా దాటిపోయే నార ఉన్నచోట పిడి తప్పకుండా విరుగుతుంది.

కర్ర ఆరి, తల వదులైతే నీళ్లలో నానబెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అలా చేయకండి. నానిన కర్ర ఉబ్బి లోపలే నలిగిపోతుంది. ఆరాక మునుపటికన్నా వదులవుతుంది. సుత్తిని తల కిందికి వేలాడేలా గాలిలో పట్టుకుని, పిడి కొసను కొయ్య సుత్తితో కొట్టండి. పిడి తలలోకి ఇంకా లోతుగా దిగుతుంది. ఆ తర్వాత తల పైభాగాన పిడి కొసలో దిగి ఉన్న ఆపును, అంటే పిడిని బిగించి పట్టే చీలను, మళ్లీ బిగించండి.

పని మొదలుపెట్టే ముందు

కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి. దీన్ని లాంఛనంగా చెప్పడం లేదు. తుప్పు మేకు తల ఉన్నట్టుండి తెగి ముఖం వైపే వస్తుంది. చేతులకు మందపు తొడుగులు, కాళ్లకు గట్టి అడుగున్న చెప్పులు ఉండాలి. చెక్కను నేల మీద ఊగేలా వదలకుండా బల్లకు బిగించండి. బిగించే సదుపాయం లేకపోతే కాలితో తొక్కి పట్టండి. చెక్క కదిలితే మీ బలంలో సగం దాన్ని కదపడానికే పోతుంది.

ఇంకొక్క మాట. సుత్తి ముఖాన్ని మరో సుత్తితో ఎప్పుడూ కొట్టవద్దు. మేకు తల కిందికి కొమ్ములు దూర్చడానికి ఇలా కొట్టేవారిని చాలాసార్లు చూశాను. రెండూ కాచి గట్టిపరిచిన ఉక్కు. పెచ్చు లేస్తే అది తూటాలాగే దూసుకుపోతుంది. అక్కడ కొయ్య సుత్తి గానీ, చెక్కముక్క గానీ వాడండి.

తల పైకి కనిపించే మేకు: అసలు పద్ధతి

మొదట ఒక పలుచటి చెక్కముక్క తెచ్చుకోండి. అరచేతి వెడల్పు, ఒక సెంటీమీటరు మందం చాలు. దీన్ని మేకు పక్కనే, సుత్తి తల ఆనబోయే చోట పెట్టండి. సన్నని లోహపు రేకు అయినా పరవాలేదు. మందం తర్వాత పెంచుకోవచ్చు.

కొమ్ముల సందును మేకు తల కిందికి జరిపి, లోపలికంటా బిగించండి. పిడి మొదట ముందుకు వాలి ఉంటుంది. దాన్ని మెల్లగా, ఊపు లేకుండా, మీ వైపు లాగండి. కిర్రుమన్న చప్పుడు వినపడగానే ఆగి, కొమ్ములను ఇంకా కిందికి, చెక్కకు దగ్గరగా జరిపి మళ్లీ పట్టండి.

పిడి నిట్టనిలువుగా నిలబడగానే ఆపేయండి. ఈ పద్ధతిలో ప్రాణమంతా ఇక్కడే ఉంది. పిడి ఆ గీత దాటి వెనక్కి వాలితే మేకు పైకి రాదు, పక్కకు లాగబడుతుంది. మేకు వంగుతుంది, రంధ్రం అండాకారంలో పెద్దదవుతుంది, అంచు పేడు లేస్తుంది. ఆగి, సుత్తిని తీసి, కింద ఇంకో మందమైన దిమ్మ పెట్టి, ఆనే చోటును ఎత్తు చేసి మళ్లీ మొదలుపెట్టండి. పొడవైన మేకుకు ఇలా రెండు మూడు సార్లు దిమ్మ మార్చవలసి వస్తుంది. ఓపికగా మార్చండి, మేకు నిటారుగా వస్తుంది.

ఆ దిమ్మ ఎంత ముఖ్యమో ఒక చిన్న లెక్క చెబుతుంది. మీ చెయ్యి ఆనే చోటుకు 28 సెంటీమీటర్ల దూరంలో, మేకు 4 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి. మీరు 10 కిలోల బలంతో లాగితే మేకు మీద 70 కిలోల బలం పడుతుంది. పిడి నిలువుగా ఉన్నప్పుడు అదే 70 కిలోలు సుత్తి ఆనిన చోట చెక్కను కిందికి అదుముతాయి, అదీ వేలి మందమంత సన్నని వంపు మీద. మెత్తని చెక్క దాన్ని తట్టుకోలేదు. దిమ్మ ఆ బరువును అరచేయంత వెడల్పున పరుస్తుంది.

అప్పటికీ మేకు కదలకపోతే పిడికి గొట్టం తొడిగి పొడవు పెంచవద్దు. కర్ర పిడి విరుగుతుంది, లేదా కొమ్ము విరుగుతుంది. అలాంటి మేకు సుత్తిది కాదు, పొడవైన పలుగుది.

తల చెక్కలో మునిగిపోయిన మేకు

వెనక మొన బయటికి వచ్చి ఉంటే పని సులువు. మొనను మెల్లగా తట్టండి. ముందువైపు తల అర సెంటీమీటరు లేస్తే చాలు, కొమ్ములకు అందుతుంది.

మొన కనిపించకపోతే తల చుట్టూ తవ్వక తప్పదు. పాత ఉలి ఒకటి ఇందుకు ప్రత్యేకంగా ఉంచుకోండి, మంచి ఉలిని ఇనుముకు తాకించకండి. మేకుకు రెండు వైపులా, పోగుల వెంట, సన్నని పేళ్లు తీయండి. పోగులకు అడ్డంగా కొడితే గాయం పెద్దదవుతుంది. తల అంచు కనిపించాక పిన్సర్, అంటే రెండు గుండ్రటి దవడలు ఎదురెదురుగా కరుచుకునే పట్టకారుతో పట్టండి. పిన్సర్‌ను పైకి లాగవద్దు, దాని గుండ్రటి దవడ మీద పక్కకు దొర్లించండి. అక్కడ కూడా కింద రేకు పెట్టాలి.

తల దాదాపు లేని సన్నని మేకులు

పట్టీలకు, అలంకరణ పనికి వాడే ఈ మేకులను ముందువైపు నుంచి వెనక్కి కొట్టి తీయాలని చూడకండి. రంగు, పాలిష్ పెచ్చులుగా లేస్తాయి. పట్టీని గోడ నుంచి గానీ చట్రం నుంచి గానీ మెల్లగా ఊడదీసి, తిరగేసి, వెనక పొడుచుకొచ్చిన కాడను పిన్సర్‌తో పట్టి వెనక నుంచే లాగేయండి. చిన్న తల చెక్కలోంచి జారిపోతుంది. ముందువైపు పూడ్చిన పుట్టీ కూడా చాలాసార్లు చెక్కుచెదరదు. నాకు బాగా ఇష్టమైన కిటుకు ఇది.

తుప్పు మేకు, తల తెగిన మేకు

తుప్పు పట్టిన మేకును లాగే ముందు ఒక్కసారి లోపలికి తట్టండి. వెంట్రుకవాసి కదిలితే చాలు, తుప్పు కట్టు తెగుతుంది. తర్వాత లాగితే తల తెగే ప్రమాదం తగ్గుతుంది. కాడ చుట్టూ చొచ్చుకుపోయే నూనె రెండు చుక్కలు వేసి కొన్ని గంటలు వదిలినా మేలే. కానీ ఆ చెక్కకు తర్వాత రంగు గానీ పాలిష్ గానీ వేయాలంటే నూనె మరక అడ్డుపడుతుంది. అలాంటప్పుడు సోల్డరింగ్ ఐరన్, అంటే తీగలను అతికేందుకు వాడే కరెంటు సాధనం, దాని వేడి మొనను మేకు తలకు కొన్ని నిమిషాలు ఆనించండి. ఇనుము వేడికి వ్యాకోచించి చుట్టూ ఉన్న పోగులను నొక్కుతుంది, చల్లారాక సంకోచించి కాస్త వదులవుతుంది. పొగ కనిపిస్తే వెంటనే తీసేయండి. నూనె వేసిన చోట వేడి పెట్టనే వద్దు.

తల తెగిపోయి కాడ కొంచెం పైకి ఉంటే, కొమ్ముల సందులో కాడను బిగించి సుత్తిని పక్కకు వాల్చండి. కాడ కొక్కెంలా వంగి కొమ్మును చుట్టుకుంటుంది. ఆ కొక్కెమే ఇప్పుడు తల. కింద దిమ్మ పెట్టి మామూలుగా పీకండి. పైకి ఏమీ మిగలకపోతే సన్నని పంచ్‌తో, అంటే మేకు మీద ఆనించి సుత్తితో కొట్టే ఉక్కు కడ్డీతో, కాడను అవతలికి దించేయడమే దారి.

వెనక మడిచిన మేకు

మొన బయటికి వచ్చి చెక్కకు మడిచి ఉంటే ముందు దాన్ని నిటారుగా లేపాలి. పాత స్క్రూడ్రైవర్ మొన మడత కిందికి దూర్చి మీటండి. లేపి తిన్నగా చేశాకే వెనక్కి కొట్టండి. మడత పూర్తిగా పోకుండా కొడితే ఆ వంకర రంధ్రం గుండా వస్తూ చెక్కను లోపల చీలుస్తుంది. తిన్నగా రాదనిపిస్తే కత్తిరించే పట్టకారుతో మడతను చెక్కకు దగ్గరగా తుంచేయండి.

రెండు పలకలను విడదీయడం

పలక అంచు కిందికి చిన్న పలుగు దూర్చి, ప్రతి మేకుకు దగ్గరగా, కొద్దికొద్దిగా మీటుతూ వెళ్లండి. ఒకే కొసను పైకి లేపితే పలక తర్వాతి మేకు దగ్గర పగులుతుంది. ఒక సెంటీమీటరు లేచాక, పలక మీద చెక్కముక్క పెట్టి దాని మీద సుత్తితో కొట్టి పలకను మళ్లీ కిందికి కూర్చోబెట్టండి. పలక కిందికి దిగుతుంది, మేకు తలలు పైనే నిలిచిపోతాయి. ఇక ఒక్కొక్కటిగా పీకేయవచ్చు.

సరుకు రవాణాకు వాడే చెక్క పాలెట్లలో మెలి తిరిగిన మేకులు, కాడ చుట్టూ గట్లున్న మేకులు ఉంటాయి. ఇవి పలకను చీల్చకుండా రావు. వీటిని పీకే ప్రయత్నమే వద్దు. పలకల మధ్య సందులోకి లోహం కోసే హ్యాక్సా బ్లేడు దూర్చి కాడను కోసేయండి, మిగిలిన ముక్కను పంచ్‌తో దించండి. అసలు ఆ చెక్కను తీసుకునే ముందు దాని మీద కాల్చి వేసిన ముద్ర చూడండి. అంతర్జాతీయ రవాణా పాలెట్ల మీద గోధుమ కంకి గుర్తు పక్కన 'హెచ్‌టీ' అని ఉంటే దాన్ని వేడితో శుద్ధి చేశారని అర్థం. 'ఎంబీ' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని. రెండో రకాన్ని ఇంట్లోకి తేవద్దు.

పీకిన తర్వాత

నొక్కు పడినచోట పోగులు తెగకుండా అణిగి మాత్రమే ఉంటే వాటిని లేపవచ్చు. రెండు చుక్కల నీళ్లు పోసి కాసేపు నాననిచ్చి, తడి గుడ్డ పరిచి, దాని మీద వేడి ఇస్త్రీ పెట్టెను కొన్ని క్షణాలు ఆనించండి. ఆవిరికి పోగులు ఉబ్బి చాలావరకు మట్టానికి వస్తాయి. పాలిష్ ఉన్న చెక్క మీద ఇది చేస్తే పాలిష్ తెల్లబడుతుంది కాబట్టి పాలిష్ లేని చెక్క మీదే చేయండి.

రంధ్రాన్ని పుట్టీతో పూడ్చవచ్చు. అయితే అక్కడే మళ్లీ మేకు గానీ స్క్రూ గానీ దిగవలసి ఉంటే పుట్టీ నిలవదు. రంధ్రానికి సరిపడా కర్రపుల్ల చెక్కి, జిగురు రాసి దించి, ఆరాక మట్టంగా కోయండి. రంధ్రం చుట్టూ నల్లటి మరక ఉంటే అది మురికి కాదు. చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం తేమలో ఇనుముతో కలిసి ఏర్పడిన మరక. ఆక్సాలిక్ ఆమ్లం ద్రావణంతో అది పోతుంది. తొడుగులు వేసుకునే రాయండి, తర్వాత నీళ్లతో బాగా తుడవండి.

మేకు గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో బాగా కడిగి వైద్యుణ్ని కలవండి. ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవి తుప్పులో పుట్టదు. మట్టిలో, పేడలో ఉంటుంది, గాలి చొరని లోతైన గాయంలో పెరుగుతుంది. అందుకే మెరిసే కొత్త మేకు గుచ్చుకున్నా ప్రమాదమే. చివరి టీకా వేయించుకుని 5 ఏళ్లు దాటితే ఆ సంగతి వైద్యుడికి తప్పకుండా చెప్పండి.

పీకిన మేకులను ఒక డబ్బాలో వేస్తూ పోండి, నేల మీద వదలకండి. వంకర మేకులను సాగగొట్టి బరువు మోసే చోట వాడకండి, ఒకసారి వంగిన చోటే అవి మళ్లీ వంగుతాయి. చివరగా బలమైన అయస్కాంతాన్ని చెక్క మీద నలుమూలలా మెల్లగా జరపండి. అది ఎక్కడ ఆగి అతుక్కుంటే అక్కడ లోపల ఇంకా ఇనుము ఉంది. ఆ చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, దాన్ని తీశాకే చెక్కకు రంపం గానీ చిత్రిక గానీ తాకించండి.